వరదకు ఇల్లు వదిలి ఊరు మారితే వైద్యసేవ ఆగుతుందా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు ఇల్లు దెబ్బతింది. ఇప్పుడు గుంటూరులో అద్దెకు ఉంటున్నాం. బియ్యం కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు నీళ్లపాలయ్యాయి. మా అత్తగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. ఇక్కడ ఒక ఆసుపత్రిలో కార్డు లేదు, అడ్రసు విజయవాడది, డబ్బు కట్టమంటున్నారు. గుంటూరు అడ్రసుతో కొత్త కార్డు తీసుకోవాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: చికిత్స నడుస్తుండగా కొత్త కార్డు జోలికి వెళ్లకండి. ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన ఆరోగ్యశ్రీ పథకం రాష్ట్రమంతటికీ ఒకటే. అర్హత మీ కుటుంబానిది, మీరున్న ఇంటిది కాదు. కార్డు తడిసిపోయినా వివరాలు పథకం వెబ్ పోర్టల్‌లోనే ఉంటాయి. ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటరు దగ్గర వాదించకుండా వైద్యమిత్ర (ఆసుపత్రిలో పథకం తరఫున రోగులకు సాయపడే ఉద్యోగి) డెస్కుకు వెళ్లి, ఆధార్ నంబరుతోనో బియ్యం కార్డు నంబరుతోనో చూడమనండి. అంతకుముందే పథకం హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి, ఆ ఆసుపత్రికి డయాలసిస్ విభాగంలో అనుమతి ఉందో లేదో కనుక్కోండి. పథకం నెట్‌వర్క్‌లో ఉన్నా కొన్ని ఆసుపత్రులకు కొన్ని విభాగాలకే అనుమతి ఉంటుంది. చాలామంది తిరిగి తిరిగి అలిసిపోయేది ఇక్కడే.

కొత్త బియ్యం కార్డుకు దరఖాస్తు పెడితే, మీ ఆధార్‌లు ఇప్పటికే పాత కార్డులో ఉన్నందున తిరస్కరిస్తారు. సరేనని పాత కార్డు నుంచి అత్తగారి పేరు తీయించి బంధువుల కార్డులో చేర్చబోతే, మధ్యలో ఆవిడ ఏ కార్డులోనూ లేని రోజులు వస్తాయి. వారానికి మూడు డయాలసిస్‌లు ఉన్న మనిషికి అది ప్రాణాపాయం. పాత కార్డును అలాగే ఉంచి, వార్డు సచివాలయంలో అడ్రసు మార్పు ఒక్కటే అడగండి. రసీదు తప్పకుండా తీసుకోండి.

వరదలో ఫోను పోయినవాళ్లకు ఓటీపీ పెద్ద చిక్కు. ముందు పాత నంబరుకే డూప్లికేట్ సిమ్ తీసుకోండి, ఆ తర్వాతే ఈ-ఆధార్ డౌన్‌లోడ్. దాని ప్రింటు కూడా ఆధార్‌గా చెల్లుతుంది. పెద్దవాళ్లకు వేలిముద్రలు పడకపోతే ఐరిస్‌తో (కంటిపాప స్కాన్‌తో) ప్రయత్నించమనండి. వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు ప్రయోజనం ఆపకూడదని 2018 ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అత్తగారికి ఆధార్ ప్రకారం 70 ఏళ్లు నిండి ఉంటే, ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే కేంద్ర పథకం, ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించీ అడగండి.

ఇంత చేసినా కాదంటే, ఎందుకు కాదో రాసిమ్మనండి. రాసివ్వరు. అప్పుడు తేదీ, సమయం, ఎవరు ఏమన్నారో మీరే రాసుకుని, 104కు ఫిర్యాదు చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. డబ్బు కట్టక తప్పకపోతే ప్రతి బిల్లూ దాచండి. ‘తర్వాత తిరిగిస్తాం’ అన్న నోటిమాట నమ్మకండి. పరిస్థితి విషమించిన రోజు మాత్రం ఈ కాగితాల కోసం ఆగకండి. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వాసుపత్రిలో అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

వకీలు ఖర్చుకు భయపడి ఆగిపోవద్దు. 1987 న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ వరద బాధితులకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఇచ్చింది. వరద బాధితులమన్న రుజువుగా పరిహారం జమైన బ్యాంకు పాస్‌బుక్ పేజీ చూపండి. అప్పట్లో కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించారు. గుంటూరు జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆసుపత్రి సేవలపై వివాదాలు శాశ్వత లోక్‌అదాలత్ (ప్రజోపయోగ సేవల వివాదాలు తీర్చే వేదిక) పరిధిలోకి వస్తాయి, అక్కడ కోర్టు ఫీజు ఉండదు. అధికారులే అర్హతను ఆపేస్తే మాత్రం దారి హైకోర్టులో రిట్, అంటే అధికారులను ఆదేశించమని కోరే పిటిషన్. దానికి కూడా వకీలును న్యాయసేవాధికార సంస్థ ద్వారానే ఏర్పాటు చేయమని అడగవచ్చు.