జెల్ రాసే ముందు ముక్క తీసి చూడు

బుజ్జీ,

నువ్వు విజయనగరంలో మానని పుండ్లకు విడిగా క్లినిక్ పెడుతున్నావని, ప్లేట్‌లెట్ ఇంజెక్షన్ల కోసం రక్తాన్ని తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ కూడా కొనేశావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మీ పెద్దమ్మ వెంటనే దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చింది. నేను ఇరుగు పొరుగు ఇద్దరికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు చెప్పక్కర్లేదు. షుగర్ చూడు, పాదంలో నాడి చూడు, పుండు మీద బరువు పడకుండా చెయ్యి, చచ్చిన కండ తీసెయ్. ఈ నాలుగూ చెయ్యకుండా ఎంత ఖరీదైన జెల్ రాసినా బూడిదలో పోసిన పన్నీరే. అద్దె, జీతాల లెక్కలు మీ నాన్నని అడుగు.

నా బెంగంతా గ్రోత్ ఫ్యాక్టర్ల గురించి, అంటే కణాలను పెరగమని చెప్పే ప్రొటీన్ల గురించి.

1986లో నేను కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో సర్జరీ పీజీ చేస్తున్నప్పుడు స్టాన్లీ కోహెన్‌కి, రీటా లెవీ మొంటాల్చినీకి నోబెల్ వచ్చింది. ఎలుకల లాలాజల గ్రంథుల రసం అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కిస్తే, వాటి కళ్లు తెరుచుకోవలసిన రోజుకంటే ముందే తెరుచుకున్నాయట. అందులోంచి కోహెన్ బయటకు తీసిందే ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్. 53 అమైనో ఆమ్లాలున్న చిన్న ప్రొటీన్, చర్మం పైపొర కణాలకు పెరగమని, కదలమని చెప్పే కబురు. ఆ రోజు హాస్టల్ గదిలో అది చదువుతుంటే మీ నానమ్మ గుర్తొచ్చింది. కత్తిపీట తగిలి వేలు తెగితే చాలు, వెంటనే నోట్లో పెట్టుకునేది. ఉమ్మిలో ఈజీఎఫ్ ఉందని ఆవిడకెవరు చెప్పారు!

అదే ఏడు హెరాల్డ్ డ్వోరాక్ అనే పాథాలజిస్టు కణితిని మానని పుండుతో పోల్చాడు. నేను అది చాలా ఆలస్యంగా చదివాను. అంతకు ముందే, 1983లో ఇంకో సంగతి బయటపడింది. దెబ్బ తగిలిన చోట ప్లేట్‌లెట్లు వదిలే పీడీజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్, కోతుల్లో సార్కోమా అనే కేన్సర్ పుట్టించే ఒక వైరస్ తయారుచేసే ప్రొటీన్, ఈ రెండూ దాదాపు ఒకటేనని. పుండు మానడానికి వెళ్లే కబుర్లే కణితిలోనూ వెళ్తాయి. పుండులో చర్మం మూసుకున్నాక కబురు ఆగుతుంది, కణితిలో ఆగదు. టీజీఎఫ్ బీటా అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ సంగతి చూడు. మొదట్లో పైపొర కణాలను అదుపులో పెడుతుంది, కేన్సర్ ముదిరాక అది పాకడానికే సాయపడుతుంది. ఈజీఎఫ్ కబురును అందుకునే రిసెప్టర్‌ని అడ్డుకునే కేన్సర్ మందు వాడిన వాళ్లకు మొహం నిండా మొటిమల్లాంటి పొక్కులు లేవడం నువ్వూ చూసే ఉంటావు. మంచి చర్మానికీ ఆ కబురే కావాలి మరి.

ఇంత తెలిసీ నేను తప్పు చేశాను. ఇది మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2010లో ఒకావిడ వచ్చింది. వయసు యాభై దాటింది. పదేళ్లప్పుడు కిరోసిన్ బుడ్డి ఒలికి లంగా అంటుకుని మోకాలి వెనక కాలిందట. మచ్చ గట్టిగా ముడుచుకుపోయింది. ఊడ్పుల్లో వంగి లేచినప్పుడల్లా చీలేది. పసుపు పెట్టుకునేది, మానేది, మళ్లీ చీలేది. నలభై ఏళ్లు అలాగే గడిచాయి. నా దగ్గరకు వచ్చేసరికి పుండు అరచేయంత ఉంది. షుగర్ కూడా కొంచెం ఉండటంతో కేస్ షీట్‌లో షుగర్ పుండు అని రాసేశాను. అసలు తప్పు అక్కడే మొదలైంది. పేరు పెట్టేశాక ఇక నేను పుండును చూడలేదు, పేరునే చూశాను.

గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాశాను. ఆవిడ కమ్మలు తాకట్టు పెట్టి కొంది. నెల తిరిగేసరికి పుండు అడుగు నుంచి ఎర్రగా, గింజలు గింజలుగా కండ లేచింది. నా దగ్గర చదివే పిల్లల్ని పిలిచి చూపించాను, జెల్ ఎంత బాగా పనిచేస్తోందో చూడండని. డ్రెస్సింగ్ చేసే సిస్టర్ మాత్రం రెండుసార్లు చెప్పింది. "సార్, ముట్టుకుంటే చాలు రక్తం వస్తోంది. అంచు బయటికి తిరుగుతోంది. వాసన కూడా వేరేగా ఉంది." గ్రాన్యులేషన్, అంటే మానే పుండులో లేచే కొత్త కండ, అలాగే ఉంటుంది సిస్టర్ అని ఇంకో ట్యూబు రాశాను. కణితి ఉన్న చోట ఆ జెల్ వాడకూడదని దానితో వచ్చే కాగితంలోనే ఉంది. ఉందో లేదో నేను చూస్తే కదా!

నాలుగు నెలలు పోయాయి. గజ్జలో గడ్డ తగిలాక అప్పుడు బయాప్సీ చేశాను, ముక్క తీసి పరీక్షకు పంపాను. స్క్వామస్ సెల్ కార్సినోమా, చర్మం పైపొర కణాల కేన్సర్. పాత మచ్చ మీది పుండు ఇలా కేన్సర్ అయితే దాన్నే మార్జోలిన్ అల్సర్ అంటారు. 1828లో మార్జోలిన్ అనే ఫ్రెంచి సర్జన్ రాసిన దాన్ని ఎంబీబీఎస్ పరీక్షలో మేమంతా షార్ట్ నోట్‌గా రాసినవాళ్లమే. కాలు మోకాలి పైదాకా తీసేశాం. రెండో ఏడు ఆవిడ పోయింది. కొడుకు వచ్చి, మీరు చేయగలిగిందంతా చేశారు సార్ అని నా చెయ్యి పట్టుకున్నాడు. నేను చేయగలిగింది చేయలేదని అతనికి ఆ రోజు చెప్పలేకపోయాను.

జెల్ వల్లే కేన్సర్ వచ్చిందా అంటే, కాదనే అనుకుంటాను. ఆవిడ వచ్చేనాటికే అది అక్కడ ఉండి ఉంటుంది. అమెరికాలో పీడీజీఎఫ్ జెల్‌కి 1997లో అనుమతి వచ్చింది. మూడు ట్యూబులు, అంతకు మించి వాడినవాళ్లలో కేన్సర్ మరణాలు ఎక్కువ కనిపించాయని 2008లో మందు కాగితం మీద నల్ల గీతల డబ్బా గీసి హెచ్చరిక పెట్టారు. తర్వాతి పరిశీలనలు చూసి 2018లో ఆ డబ్బా తీసేశారు. కాబట్టి మందును చూసి భయపడకు. షుగర్ పాదానికి, మిగతావన్నీ సరిగ్గా చేశాక, అది నిజంగా సాయం చేస్తుంది. ఏ పుండు మీద రాస్తున్నావో తెలియకుండా రాయడానికి భయపడు. నా తప్పు ఆ నాలుగు నెలలు.

అందుకని, పాత మచ్చ మీద పుట్టిన పుండైతే మొదటి రోజే ముక్క తియ్యి. మూడు నెలలైనా మానని ఏ పుండైనా అంతే. ఒక్కచోట కాదు, అంచున నాలుగు వైపులా తియ్యి. ఒక ముక్క బాగుందని వస్తే నమ్మకు, అనుమానం ఉంటే మళ్లీ తియ్యి. రిపోర్టు వచ్చేదాకా జెల్ వద్దు, ప్లేట్‌లెట్లూ వద్దు.

పండక్కి వచ్చినప్పుడు చూశాను, వాట్సాప్‌లో ఫోటోలు చూసి మందులు చెప్పేస్తున్నావు. అది మానెయ్. ఫోటోలో అంచు గట్టిగా ఉందో మెత్తగా ఉందో తెలుస్తుందా? వాసన తెలుస్తుందా? కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ, నీ చేతికి వేలు పెట్టి చూసే ఓపిక ఉందని నాకు తెలుసు.

ఆడవాళ్ల నడుము కూడా అడిగి చూడు. లంగా బొందు ఏళ్ల తరబడి ఒరుసుకున్న చోట పుండు పడి, అది కేన్సర్ అయిన కేసులు మన దేశంలో ఉన్నాయి. సిగ్గుపడి చూపించరు. నువ్వు ఆడపిల్లవి, నీకు చూపిస్తారు. డ్రెస్సింగ్ చేసే అమ్మాయి ఏదైనా అంటే చేతిలో పని ఆపి విను.

ఇంకొకటి. నీకు నాలుగేళ్లప్పుడు సంక్రాంతికి అరిసెలు వండుతుంటే నూనె చింది నీ ఎడమ మోచేయి కాలింది. మూడు వారాలు నేనే కట్టు కట్టాను. రోజూ అంచు నుంచి గులాబీ రంగు చర్మం కాస్త కాస్త పాకుతుంటే, నువ్వు ఏడుస్తుంటే, నేను ఊదుతూ కూర్చునేవాడిని. అలా చక్కగా మానిన మచ్చకు భయం లేదని తెలుసు. అయినా ఆవిడ పోయినప్పటి నుంచీ నువ్వు వచ్చినప్పుడల్లా నా కళ్లు అక్కడికే పోతాయి. ఈసారి ఫుల్ చేతుల జాకెట్ వేసుకొచ్చావు, కనపడలేదు. ఎక్కడైనా చీలిందా? దురద గానీ, పొక్కు గానీ ఉందా? ఒకసారి చూసుకుని నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న