చెరువు కట్ట ఊటలో మట్టి వస్తోంది, అలుగుకు అడ్డం వేశారు: ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక మెట్ట గ్రామం. ఊరి చెరువు కింద నాకు రెండెకరాల మాగాణి ఉంది. తూముకు కాస్త ఎడంగా కట్ట అడుగున రెండేళ్లుగా ఊట వస్తోంది, ఈ ఏడు ఆ నీళ్లు మట్టి రంగులోకి మారాయి. చేపల పాట పాడుకున్న ఆయన చేపలు కొట్టుకుపోకుండా అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి వల కట్టాడు. కట్ట దిగువన ఎస్సీ కాలనీ ఉంది. పంచాయతీని అడిగితే ఇరిగేషన్ వాళ్లదంటారు, ఇరిగేషన్ వాళ్లు నిధులు లేవంటారు. బాధ్యత ఎవరిది? కట్ట తెగితే నష్టపరిహారం వస్తుందా? బస్తాలు మేమే తీసేస్తే మా మీద కేసు పెడతారా? (ఒక రైతు)

జవాబు: చట్టం సంగతికి ముందు మీ ఉత్తరంలోని ఒక్క మాట గురించి చెప్పాలి. మట్టి కట్ట ఏదైనా కొంత ఊరుతుంది, ఆ ఊట తేటగా ఉన్నంతకాలం సాధారణంగా భయం తక్కువ. నీళ్లు మట్టి రంగులో వస్తున్నాయంటే కట్ట లోపలి మన్ను రేణువు రేణువుగా కొట్టుకొస్తోందని, బుంగ కట్ట పాదం దగ్గర మొదలై చెరువు వైపుకు పెరుగుతోందని అర్థం చేసుకోవాలి. దీనికి తోడు అలుగు మూసుకుపోతే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది, మట్టి కట్ట ఆ పొర్లును తట్టుకోలేదు. ఈ రెండూ ఒకే చెరువుకు ఉన్నప్పుడు ఇది వాయిదా వేసే ఫిర్యాదు కాదు. ఈ జవాబు చదివిన రోజే జల వనరుల (ఇరిగేషన్) శాఖ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)కి ఫోనులో చెప్పండి, అదే విషయాన్ని కాగితం మీద రాసి ఏఈకి, తహసీల్దారుకు, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడైన కలెక్టరుకు ఇచ్చి, ప్రతి నకలు మీద తేదీతో కూడిన కార్యాలయ ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.

బాధ్యత విషయానికి వస్తే, 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం మీ చెరువుకు వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ చట్టం 15 మీటర్లకు మించిన ఎత్తున్న ఆనకట్టలకు, లేదా 10 నుంచి 15 మీటర్ల మధ్య ఎత్తు ఉండి కట్ట పొడవు, నీటి నిల్వ, వరద ప్రవాహం వంటి అదనపు షరతుల్లో ఏదో ఒకటి తీరిన వాటికి మాత్రమే వర్తిస్తుంది. మన ఊరి చెరువుల కట్టలు సాధారణంగా ఆ ఎత్తు చేరవు. అయితే ఆ చట్టం పెద్ద ఆనకట్టల యజమానులను ఏటా వానాకాలానికి ముందూ తరువాతా తనిఖీ చేయమంటోంది కాబట్టి, జాగ్రత్త గల యజమాని ఏం చేయాలో చూపడానికి మీరు దాన్ని కోర్టులో ప్రస్తావించవచ్చు.

మీ చెరువుకు నేరుగా వర్తించేది 1997 నాటి ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం. దాని ప్రకారం ఆయకట్టుదారులతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘానికి నిర్వహణ బాధ్యత ఉంది, సాంకేతిక సలహా, పర్యవేక్షణ శాఖ ఇంజినీరు వంతు. 2024 డిసెంబరులో ఈ సంఘాలకు ఎన్నికలు జరిగాయి కనుక మీ సంఘం అధ్యక్షుడెవరో తెలుసుకొని ఆయనను కూడా మీ అర్జీలో చేర్చండి. పంచాయతీ, శాఖ ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం పాత అలవాటు. 100 ఎకరాల లోపు ఆయకట్టున్న చెరువులు ఒకప్పుడు పంచాయతీరాజ్ కింద, అంతకు మించినవి నీటిపారుదల శాఖ కింద ఉండటం వల్ల ఆ గందరగోళం ఇంకా మిగిలింది. ఎవరి రిజిస్టరులో ఉందో తేలేదాకా ఇద్దరికీ రాయండి. అర్జీ ముట్టిన తరువాత అది తమది కాదని చెప్పాల్సిన భారం వారి మీద పడుతుంది.

అలుగు విషయంలో చట్టం స్పష్టంగా మీ వైపు ఉంది. చేపల పాట చేపలు పట్టుకునే హక్కును మాత్రమే ఇస్తుంది, నీటి మట్టాన్ని నిర్ణయించే హక్కును ఇవ్వదు. సాగునీటి వ్యవస్థకు అనుమతి లేకుండా అడ్డు పెట్టడాన్ని 1997 చట్టం నేరంగా చూస్తుంది. ముంపు వస్తుందని తెలిసీ అలాంటి పని చేస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 326 కింద 5 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. అయినా పోలీసు కేసు కన్నా త్వరగా పని జరిగే దారి ఒకటి ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఆర్డీవో, ప్రజలు వాడుకునే వాగు, కాలువ వంటి వాటికి కలిగిన అక్రమ అడ్డంకిని తీసివేయమని, లేదా ఎందుకు తీయకూడదో వచ్చి చెప్పమని షరతు ఉత్తర్వు ఇవ్వగలరు. అలుగు, దాని కింద నీళ్లు పారే వాగు దీని పరిధిలోకి వస్తాయని మీ అర్జీలో రాయండి. ఈ సెక్షన్ 152 పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 133. సక్రమంగా ఇచ్చిన ఆ ఉత్తర్వును సివిల్ కోర్టులో ప్రశ్నించడానికి వీలు లేదు. నిధులు లేవనే జవాబు ఈ సెక్షన్ ముందు నిలవదని రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆ తీర్పు పేరు మీ అర్జీలో రాయండి.

ఇక బస్తాలు మీరే తీసేయడం గురించి. అలుగు మీది బస్తాలు తీయడం వేరు, కట్టకు గండి కొట్టడం వేరు. గండి కొడితే మీరే సెక్షన్ 326 కింద నిందితులవుతారు, మీ ఉద్దేశం మంచిదన్న మాట మిమ్మల్ని కాపాడుతుందన్న నమ్మకం లేదు. నీరు పొర్లబోతున్న క్షణంలో, వేరే దారి లేక, ప్రాణనష్టం తప్పించడానికి అడ్డు తొలగిస్తే న్యాయ సంహిత సెక్షన్ 19 మీకు రక్షణ ఇవ్వవచ్చు. అంతవరకు రాకుండా, వీలైతే ఏఈనో వీఆర్వోనో రప్పించి వారి సమక్షంలో తీయించండి. ఒక్కసారిగా వదిలిన నీరు దిగువ పొలాలను ముంచితే ఆ నష్టం కూడా ప్రశ్న అవుతుంది. కట్టకు ప్రమాదం వచ్చినప్పుడు ఊరంతా పనిలోకి దిగాలని 1858లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో చట్టం చేశారంటే, ఆ ఘడియలో మనిషి సాయం ఎంత అవసరమో నాటి పాలకులకూ తెలిసినట్టే.

నష్టపరిహారం మీద మీ ప్రశ్న అన్నిటికన్నా లోతైనది, దాని జవాబు మన ప్రాంతపు కేసులోనే ఉంది. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీకి నష్టం జరిగితే, నీరు నిలవ చేసినవాడు తప్పు చేయకపోయినా నష్టం భరించాలన్న ఇంగ్లీషు సూత్రం ఇక్కడి చెరువులకు వర్తించదని 1874లో నాటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. చెరువులు అనాదిగా జనం సాగుకు తప్పనిసరి, వాటిని కాపాడటం జమీందారు విధి, కనుక నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యత అన్నది ఆ తీర్పు సారం. కట్ట తెగడం ఒక్కటే మీకు పరిహారం తెచ్చిపెట్టదు. ప్రమాదం ఉందని అధికారులకు ముందే తెలుసని, తెలిసీ చేయదగిన పని చేయలేదని చూపాలి. అది చూపగలిగితే ప్రభుత్వమైనా తప్పించుకోలేదు. నష్టానికి కారణమైన ప్రభుత్వ కట్ట పథకంలో నిర్లక్ష్యానికి గుజరాత్ ప్రభుత్వాన్ని జయలక్ష్మి సాల్ట్ వర్క్స్ కేసులో, ఉద్యోగుల నిర్లక్ష్యానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని నాగేంద్రరావు కేసులో, రెండింటిలోనూ 1994లోనే సుప్రీంకోర్టు బాధ్యులను చేసింది. అందుకే ముద్ర వేసిన అర్జీ నకలు గురించి అంత పట్టుబట్టాను. కట్ట తెగిన తరువాత పుట్టే కాగితాల కన్నా తెగక ముందున్న ఒక్క కాగితానికి కోర్టులో బరువెక్కువ.

ఆ కాగితాలను ఇప్పుడే తయారు చేసుకోండి. ఊట దగ్గర ఒక పుల్ల పాతి తడి ఎంత దూరం వ్యాపించిందో వారానికోసారి కొలిచి రాయండి, ఒక గాజు గ్లాసులో ఆ నీళ్లు పట్టి కాసేపు కదల్చకుండా ఉంచి, అడుగున పేరుకున్న మన్నును ఫొటో తీయండి. ఫోనులో తీసిన ఫొటోలను కోర్టు స్వీకరించాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి కనుక, ఆ ఫోనును అమ్మేయకండి, పాత ఫొటోలు చెరపకండి. మద్రాసు కాలంలో చెరువులకు రాసిన మెమోయిర్లలో (ఒక్కో చెరువు వివరాల పత్రాల్లో) పూర్తి నీటి మట్టం, కట్ట పైమట్టం, అలుగు పొడవు ఉంటాయి. సమాచార హక్కు కింద మీ చెరువు మెమోయిర్ నకలు అడగండి. మామూలుగా గడువు 30 రోజులు, కానీ కాలనీ ప్రజల ప్రాణాలకు సంబంధించినది కనుక 48 గంటల్లో ఇవ్వాలని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. ఆ మెమోయిర్ అంకె, బస్తాల పై అంచు మట్టం పక్కపక్కన పెడితే వాదన సగం పూర్తయినట్టే.

వారంలో కదలిక లేకపోతే నేలపాడులోని మన హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ వేయవచ్చు, కాలనీ ప్రజల జీవన హక్కు ప్రధాన ఆధారమవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్టుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ మునిగిన తరువాత ఇలాంటి పిటిషన్‌లో ప్రమాదం ఊహాజనితమని తేలిగ్గా అనడానికి ఎదుటి పక్షానికి వీలుండదు. సివిల్ దావా అయితే ప్రభుత్వానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి, తక్షణ ఉత్తర్వు కావాలంటే కోర్టు అనుమతితో నోటీసు లేకుండా వేయవచ్చు. నష్టం జరిగాక దావాకు మూడేళ్ల గడువుందని కొందరు చెబుతారు. చట్టం ప్రకారం చేసిన లేదా చేయకుండా వదిలిన పనికి పరిహారం కోరితే ఏడాదే గడువని ఎదుటి పక్షం వాదించే వీలుంది కాబట్టి, ఏడాది లోపే వేయండి. కాలనీ వారికి ఖర్చు భారం కాకుండా, ఎస్సీలకు, స్త్రీలకు, వరద బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గుంటూరు కోర్టు ప్రాంగణంలో ఉంది. వారి సంతకాలు కూడా మీ అర్జీ మీద ఉండేలా చూడండి.