హిజ్కియా ఉత్తరం పరిచాడు, కాలువ కూడా తవ్వించాడు

వందనాలు సిస్టర్. మీరు రాసినదాంట్లో మూడు విషయాలున్నాయి. అన్నయ్యతో ఇంటి స్థలం తగాదా, 4 ఏళ్లుగా మాటల్లేవు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 2 లక్షలు. అమ్మ పోయినప్పుడు పక్కన లేనన్న బాధ. ఆదివారం ఆరాధనలో ఏడ్చి "ప్రభువా, నీ మీద వేశాను" అంటున్నాను, సోమవారం పాలు కాచే వేళకి అన్నీ మళ్లీ నెత్తిమీదే ఉంటున్నాయి, ఇది అవిశ్వాసమా అని అడిగారు.

కాదు. మూడు రకాల బరువులని ఒకే మూటగా కట్టేసి దించాలని చూస్తున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. "నా సమస్త భారములు" అని ప్రార్థిస్తే మనసు తేలికపడుతుంది, నిజమే. కానీ ఏది ఇచ్చేశామో మనకే తెలియదు గనుక ఏది తిరిగొచ్చిందో కూడా తెలియదు.

ముందు క్యాలెండర్లమీద వేసే వాక్యం సంగతి. "నీ భారము యెహోవామీద మోపుము ఆయనే నిన్ను ఆదుకొనును", కీర్తన 55:22. ప్రతి ఇంట్లో గోడమీద ఉంటుంది, పైన ఉన్న 21 వచనాలు చదివేవాళ్లు తక్కువ. ఆ కీర్తన రాసినవాడు శత్రువు గురించి ఏడవడం లేదు, కలిసి దేవుని మందిరానికి నడిచిన స్నేహితుడు చేసిన ద్రోహం గురించి ఏడుస్తున్నాడు. గువ్వలా రెక్కలుంటే ఎగిరిపోయేవాణ్ణి అంటాడు. 17వ వచనంలో సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం మొరపెట్టుకుంటానని చెబుతాడు. అంటే ఈ వాక్యం రోజుకి మూడుసార్లు అదే బాధని మళ్లీ తెచ్చుకున్న మనిషిది. ఒకసారి మోపితే మళ్లీ గుర్తు రాదని ఆ కీర్తనలో ఎక్కడా లేదు. తిరిగి రావడాన్ని ఓటమి అనుకోవద్దు.

రెండోది గలతీయులకు 6వ అధ్యాయం. 2వ వచనం ఒకని భారములు ఒకడు భరించమంటుంది, 5వ వచనం ఎవరి బరువు వారే భరించుకోవాలంటుంది. పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి గానీ గ్రీకులో అవి రెండు వేర్వేరు మాటలు. మన అనువాదకులు కూడా జాగ్రత్తగా ఒకచోట భారము, ఇంకోచోట బరువు అని వేశారు. మొదటిది ఒక్కడు మోయలేనంత తూకం. రెండోది ఎవరి సామాను వాళ్లు మోసుకునేలాంటిది. దేవుని మీద వేయాల్సినదాన్ని మనం మోస్తూ, మనం మోయాల్సినదాన్ని దేవుని మీద వేస్తుంటాం. విసుగు అక్కణ్ణుంచే వస్తుంది.

ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనపడేది యూదా రాజు హిజ్కియా దగ్గర. 2 రాజులు 18, 19 అధ్యాయాలు ఒకే కూర్చోవడంలో చదవండి, పావుగంట చాలు. క్రీస్తుపూర్వం 701. అష్షూరు రాజు సన్హెరీబు యూదాలో ప్రాకారాలున్న పట్టణాలు పట్టేసుకున్నాడు. నీనెవెలో దొరికిన అతని మట్టి శాసనంలో 46 పట్టణాలు పట్టానని, హిజ్కియాను పంజరంలో పిట్టలా యెరూషలేములో బంధించానని రాయించుకున్నాడు. హిజ్కియా ముందు చేసిన పని మనందరం చేసేదే, డబ్బిచ్చి వదిలించుకోవాలని చూశాడు. 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం. 30 తలాంతులంటే సుమారు ఒక టన్ను. మందిరం తలుపులకున్న బంగారం కూడా ఒలిచి ఇచ్చాడు. అయినా సైన్యం వచ్చింది.

అష్షూరు రాజు పంపిన అధికారి రబ్షాకే యెరూషలేము గోడ కింద నిలబడి యూదుల భాషలోనే గట్టిగా అరుస్తాడు. సిరియా భాషలో మాట్లాడు, గోడమీద జనం వింటున్నారని హిజ్కియా మనుషులు బతిమాలుకుంటారు. వాడు వినడు. ఆ తర్వాత సన్హెరీబు దగ్గర్నుంచి బెదిరిస్తూ ఉత్తరం వస్తుంది. ఇక్కడ ఒక్కో క్రియ గమనించండి. హిజ్కియా ఉత్తరం తీసుకున్నాడు, చదివాడు, మందిరానికి వెళ్లాడు, యెహోవా సన్నిధిని విప్పి పరిచాడు. చదవకుండా పారేయలేదు, చదివి దాచుకోలేదు, "కొంచెం ఇబ్బందిగా ఉంది ప్రభువా" అని మెత్తగా చెప్పలేదు. శత్రువు రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు అక్కడ పెట్టాడు. ప్రార్థనలో కూడా అష్షూరు రాజులు ఇతర దేశాల్ని పాడుచేసిన మాట నిజమే అని ఒప్పుకున్నాడు (19:17). ఆ నిజం చెప్పాకే రక్షించమని అడిగాడు.

ఇదే మనిషి గురించి 2 దినవృత్తాంతములు 32 ఇంకో సంగతి చెబుతుంది. ఊరి బయట ఊటలు పూడ్పించాడు, పడిపోయిన గోడ కట్టించాడు, ఈటెలూ డాళ్లూ చేయించాడు, గిహోను ఊట నీటిని కాలువ తవ్వించి పట్టణంలోకి మళ్లించాడు. అతనిదని చెప్పే సొరంగం ఇప్పటికీ యెరూషలేములో ఉంది, సుమారు 533 మీటర్లు, రాతిలో తొలిచింది. రెండు చివర్ల నుంచి తవ్వుకుంటూ వచ్చినవాళ్లు మధ్యలో కలుసుకున్నారని చెప్పే శాసనం 1880లో దొరికింది. నీళ్ల సంగతి తను చూసుకున్నాడు, ఉత్తరం సంగతి దేవునికి అప్పగించాడు. అటూ ఇటూ మార్చలేదు. యెషయా 22:11లో దీని రెండో వైపు ఉంది: రెండు గోడల మధ్య చెరువు కట్టుకున్నారు గానీ దాన్ని చేయించినవాని వైపు చూడలేదని ప్రవక్త గద్దిస్తాడు. ఉత్తరం పరిచి కాలువ మానేయడం తప్పయితే, కాలువ తవ్వి ఉత్తరం దాచుకోవడం కూడా తప్పే.

ఇక మీ పని. ఒక నోటుబుక్కు, ఒక గంట, తలుపు వేసుకోండి. పేజీని నిలువుగా రెండు చేసి ఎడమ పక్క "ఉత్తరం" (దేవునికి అప్పగించేది), కుడి పక్క "కాలువ" (మీరు చేయాల్సింది) అని రాయండి. ఒక్కో భారాన్ని పేరుతో, తేదీతో, రూపాయలతో ఒక్క వాక్యంలో పెట్టండి. "కుటుంబ సమస్యలు" అని రాస్తే ఆ పేజీ చింపేసి మళ్లీ మొదలుపెట్టండి.

అప్పుతో మొదలుపెట్టండి, దాంట్లో కుడి పక్కే ఎక్కువ. 2 లక్షల మీద మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 6,000, ఏడాదికి 72,000, వందకి 36. అప్పిచ్చింది ఎవరు, ఏ తేదీ, ఇప్పటిదాకా ఎంత కట్టారు, అసలెంత మిగిలింది రాయండి. కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించుకోండి, తీరాక అసలు ప్రోనోటు వెనక్కి తీసుకోండి. బంగారం ఉంటే బ్యాంకులో పెట్టో, డ్వాక్రా సంఘంలో ఉంటే ఆ లోను తీసుకునో ఈ వడ్డీ ముందు వదిలించుకోండి. ఇంట్లో తెలియకపోతే ఈ వారమే చెప్పండి. దాచిన అప్పుకి దాచడం ఇంకో బరువు. అప్పుల బాధతో ఎలీషా దగ్గరికొచ్చిన విధవరాలిని ప్రవక్త అడిగింది "నీ ఇంట్లో ఏముంది" అని. ఉన్న కొంచెం నూనె పొంగింది అద్భుతమే, కానీ పాత్రలు అడిగి తెచ్చింది, పోసింది, అమ్మి అప్పు తీర్చింది ఆవిడే. ఎడమ పక్క రాయాల్సింది భయం: అప్పిచ్చినవాళ్లు వీధిలో నిలబడి అరుస్తారన్న భయం, పరువు పోతుందన్న భయం.

అప్పులో ఉన్నవాళ్ల చేత "విత్తన కానుక" (విత్తనంలా వేస్తే రెట్టింపై తిరిగొస్తుందని చెప్పి అడిగే కానుక) వేయించడం చూస్తే నాకు కడుపు మండుతుంది. అప్పు తెచ్చి కానుక వేస్తే అప్పు తీరుతుందని ఏ వాక్యం చెప్పలేదు. కలిగినదాన్ని బట్టే గానీ లేనిదాన్ని బట్టి కాదని 2 కొరింథీయులు 8:12 సూటిగా చెబుతోంది. హిజ్కియా ఒలిచిచ్చిన తలుపుల బంగారం కూడా అతన్ని గట్టెక్కించలేదు.

అన్నయ్య విషయంలో రెండు పక్కలూ నిండుతాయి. ఆయన అన్న మాట, అన్న రోజు, అది వినగానే మీకేమైందో ఎడమ పక్క అలాగే రాయండి, పవిత్రంగా మార్చకండి. పగ తీర్చుకునే హక్కు ప్రభువుకి ఇచ్చేయడమే క్షమించడం (రోమా 12:19). స్థలంలో మీ వాటా వదులుకోవడం వేరే సంగతి, వదిలితేనే క్షమించినట్టని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మత్తయి 18 వరస పాటించండి: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, తర్వాత సంఘానికి, పెద్దల ద్వారా. కొట్టే మనిషైతే ఒంటరిగా వెళ్లొద్దు. పెద్దల దగ్గర తేలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, ఫోన్ 15100. వీలునామా లేకుండా పోయిన క్రైస్తవుడి ఆస్తిలో కొడుకుకీ కూతురికీ సమాన వాటా అని 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతుంది. మీ ఇంటి రికార్డుల్లో మతం ఏమని ఉందో ముందు వకీలుకి చూపించండి, దాన్నిబట్టి చట్టం మారుతుంది.

అమ్మ సంగతిలో చాలామంది తప్పు చేస్తారు. దుఃఖాన్ని పాపంలా ఒప్పుకుంటారు. వేరు చేయండి. "ఫోన్ వచ్చింది, కోపంతో ఎత్తలేదు" అన్నది ఒప్పుకోవాల్సిన తప్పు. 1 యోహాను 1:9 పట్టుకుని ఒక్కసారి ఒప్పుకుని పక్కన తేదీ వేయండి. "బస్సు దొరకలేదు, చేరేలోపు పోయింది" అన్నది పాపం కాదు, దాన్ని ఎన్నిసార్లు ఒప్పుకున్నా క్షమాపణ దొరికినట్టు అనిపించదు, ఎందుకంటే క్షమించడానికి అక్కడ ఏమీ లేదు. అది ఏడవాల్సిన సంగతి. చనిపోయిన లాజరును లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. అమ్మతో చెప్పాలనుకున్న మాటలు ఒక పేజీ రాసి, చదివి, ఆ పేజీ ప్రభువు ముందు పెట్టండి.

రాశాక ఎడమ పక్కవి ఒక్కోటి పైకి చదివి, ఒక్కోదాని మీద చెయ్యిపెట్టి "ఇది నీది" అనండి. 1 పేతురు 5:7లో చింత ఆయన మీద "వేయుడి" అన్న గ్రీకు మాట కొత్త నిబంధనలో ఇంకొక్కచోటే వస్తుంది, లూకా 19:35లో, గాడిదపిల్ల మీద బట్టలు వేసినప్పుడు. ఒంటిమీది గుడ్డ తీసి ఇంకోదాని మీద పడేయడం. రాత్రి 3 గంటలకి మెలకువొచ్చి అదే తిరుగుతుంటే మొత్తం ప్రార్థన మళ్లీ మొదలుపెట్టకండి, ఉన్న నిద్ర చెడుతుంది. "ఫలానా తేదీన ఇచ్చేశాను" అని ఒక్క మాట చాలు. కొత్త సంగతేదైనా తోస్తే కుడి పక్క ఒక ముక్క రాసి దీపం ఆర్పేయండి.

ఒక్క మనిషికి చెప్పండి. ప్రార్థన మనవి చీటీ మీద పేర్లూ వివరాలూ రాయొద్దు. కూడికలో పైకి చదివిన చీటీ సాయంత్రానికి వీధి చివర టీకొట్టు దాకా వెళుతుంది. ఎంచుకునేవాళ్లు ఆడమనిషే అయ్యుండాలి, ఈ తగాదాలో చుట్టరికం ఉండకూడదు, అప్పిచ్చినవాళ్లు కాకూడదు, ఇంకొకరి గుట్టు మీకెప్పుడూ చెప్పి ఉండకూడదు. చివరిదే అసలు పరీక్ష.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి రాకపోతే, లేదా బతకాలనిపించకపోతే ఆ రోజే, డాక్టరు దగ్గరికి వెళ్లండి, లేదా మానసిక ఆరోగ్య సహాయానికున్న 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మాత్రలు మానేస్తేనే విశ్వాసమని చెప్పే వాళ్ల మాట వినకండి. చావు కోరుకున్న ప్రవక్త ఏలీయాకి దేవదూత మొదట ఉపదేశం చేయలేదు, రెండుసార్లు నిద్ర, రెండుసార్లు రొట్టె, నీళ్లు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరునడక్కుండా ఉపవాస ప్రార్థనకి కూర్చోకూడదు, కొన్ని మాత్రలు తిండి లేకుండా పడితే షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది.

సోమవారానికే తేలికపడాలని గడువు పెట్టుకోకండి. హిజ్కియాకి యెషయా పంపిన కబురులో కూడా ఈ ఏడు దానంతట అది మొలిచింది తింటారు, వచ్చే ఏడూ అంతే, మూడో ఏట విత్తి కోస్తారని ఉంది (19:29). అష్షూరు సైన్యం ఒక్క రాత్రిలో పోయింది, పొలాలకి మూడేళ్లు పట్టింది.

పిల్లల్లేని హన్నా కొడుకు కోసం ప్రార్థించి లేచినప్పుడు ఆ కొడుకు సమూయేలు ఇంకా పుట్టలేదు, కడుపున కూడా పడలేదు. అయినా ఆవిడ తన దారిన వెళ్లి భోజనం చేసింది, ఆనాటి నుంచి దుఃఖముఖిగా ఉండడం మానేసింది. సోమవారం పాలు కాచాక టిఫిను మానకండి, తిన్నాక కుడి పక్క మొదటి గీత మీదున్న పని చేయండి.