బోల్టు చుట్టూ ఎర్రపొడి కనిపిస్తే బండి ఆపు

యలహంక,
ఆదివారం రాత్రి

తల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "పెదనాన్నా, కొని రెండేళ్లు కాలేదు, మూడోసారి షెడ్డుకెళ్లింది. ఈ మినీ ట్రాక్టరు అమ్మేసి పెద్దది కొనెయ్యనా?" అన్నావు. ఇప్పుడే వద్దు. నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. 24 హార్స్‌పవర్ బండి నీ నాలుగెకరాలకు తక్కువేమీ కాదు. ఆ నేలలో దాన్ని నడిపే తీరు మారాలి, అంతే. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

ముందు నేల సంగతి చూడు. బెంగళూరు లాల్‌బాగ్‌లో నువ్వు పొద్దున్నే ఎక్కే బండ ఉంది కదా, 300 కోట్ల ఏళ్ల నాటిదంటారు. దొడ్డబళ్లాపుర దాటాక నీ పొలం కింద ఉన్నదీ ఆ జాతి రాయే. పైన అడుగు ఎర్రమట్టి, దాని కింద గుండ్లు. కర్ణాటకలో 2017లో కొత్తగా నీలగిరి నాటొద్దన్నారు గానీ, అంతకుముందు వేసిన తోటల మొద్దులు నీ పొలంలో ఇంకా అలాగే ఉన్నాయి. నీలగిరి మొద్దు అంత సులువుగా చావదు, మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగుళ్లే నీకు గుర్తు. ట్రాక్టరు దించకముందే ఇద్దరు మనుషుల్ని పెట్టి, గడ్డపార, సున్నం డబ్బా ఇచ్చి పొలమంతా నడిపించు. చేత్తో లేచే రాళ్లు గట్టు మీదికి, లేవని వాటి చుట్టూ సున్నం. మొద్దులకు ఒకరోజు జేసీబీ పిలిపించు. ఆ ఖర్చు ఎక్కువనిపిస్తుంది, కానీ ఒక గేర్ బాక్స్ విప్పించిన బిల్లు పక్కన పెట్టి చూసుకో.

ఆ తర్వాత కూడా నేరుగా రోటవేటర్, అంటే మట్టిని తిరిగే కత్తులతో పొడి చేసే పనిముట్టు, వేయొద్దు. స్ప్రింగుల కల్టివేటర్‌తో, అంటే కొంకుల గొర్రుతో, ఒకసాలు దున్నించు. రాయి తగిలితే స్ప్రింగు వెనక్కి వంగి దాటేస్తుంది, దాగిన రాళ్లు కూడా పైకొస్తాయి. వాటినీ ఏరించాకే రోటవేటర్. అది కూడా నాలుగడుగులది చాలు. వీడియోలో కనిపించింది పక్క రైతు దగ్గర తెచ్చిన ఐదడుగులది కదూ? మంచి మెత్తటి నేలలో లాగుతుందేమో గానీ నీ నేలలో ఇంజన్ దమ్ము తీసేస్తుంది. నల్లటి పొగ వచ్చింది చూడు, అది ఆ బరువుకే. ఎయిర్ క్లీనర్ మూసుకుపోయినా నల్లపొగే వస్తుంది కాబట్టి రెండూ చూడాలి.

ఇక నీ డ్రైవరు అబ్బాయి చేసిన పని ఒకటి విని నాకు భయమేసింది. ట్రాక్టరు నుంచి రోటవేటర్‌కు తిప్పుడు అందించే కార్డన్ షాఫ్టులో షియర్ బోల్టు మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు వేశానన్నాడు. ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట, హోసకోటె దగ్గర ఒక రైతు పొలంలో. ఆయన రాగి విత్తే అదునులో ఉన్నాడు, రోజుకు రెండు బోల్టులు తెగుతున్నాయని బతిమాలాడు. నా డబ్బాలో ఉన్న గట్టి బోల్టు బిగించాను. మూడో చాలులో రాయి తగిలింది. బోల్టు తెగలేదు. రోటవేటర్ గేర్ బాక్సులో పళ్లు రాలిపోయాయి, మూత తీస్తే నూనెలో ఇనుపముక్కలు మెరుస్తున్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ ఏడు ఆయనకు అదును తప్పింది. ఆ బోల్టు తెగడానికే పెట్టింది తల్లీ. అది తెగి మిగతా బండిని కాపాడుతుంది. కంపెనీ చెప్పిన సైజు, చెప్పిన గ్రేడు బోల్టులు పది కొని సీటు కింద డబ్బాలో పెట్టించు. తలమీద 8.8, 10.9 అని గ్రేడు చెక్కి ఉంటుంది, నువ్వే చదివి చూడు.

బోల్టుల మాట వచ్చింది కాబట్టి అసలు విషయం చెప్తాను. ఇలాంటి చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి లారీకి ఉన్నట్టు కింద ఛాసిస్ ఉండదు. ఇంజనూ, క్లచ్ హౌసింగూ, గేర్ బాక్సూ, వెనక ఇరుసూ ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే బండి వెన్నెముక. రాళ్లమీద ఎగిరిన ప్రతిసారీ ఆ దెబ్బ అతుకుల మీదే పడుతుంది. ఒక బోల్టు వదులైతే దాని బరువు పక్కదాని మీద పడుతుంది, అదీ తెగాక హౌసింగే పగులుతుంది. అందుకే బండి మొదటి 50 గంటలు నడిచాక చేసే సర్వీసులో అన్నీ మళ్లీ బిగించాలి. నీ బండి కొత్తగా వచ్చిన వారానికే రాళ్లలో దిగింది, ఆ సర్వీసు కూడా ఆలస్యమైంది. అదే మొదటి నష్టం.

కాబట్టి రోజూ పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పది నిమిషాలు బండి చుట్టూ తిరుగు. కళ్లతో చూస్తే చాలదు, చేత్తో తడుము. వదులైన బోల్టు తల చుట్టూ సన్నటి ఎర్రపొడి ఉంటుంది, కుంకుమ రాలినట్టు. ఇనుము ఇనుముతో రాసుకుని వచ్చిన తుప్పు అది. అతుకు దగ్గర పెయింటు వెంట్రుకంత పగిలినా అదే అర్థం. చిన్న సుత్తితో తట్టి విను: బిగువైనది ఖంగుమంటుంది, వదులైనది మూగగా పలుకుతుంది. వీల్ బోల్టులు, ముందు ఇరుసు మధ్య పిన్ను, ముందు చక్రాలను తిప్పే టై రాడ్ చివర్లు, ఇవి తప్పకుండా చూడు. బిగించేటప్పుడు బలమంతా పెట్టొద్దు, మాన్యువల్ చూసి, ఎంత బిగువు పెట్టామో చూపే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. గ్రీజు కూడా అప్పుడే. పాత మట్టి గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి.

ఎయిర్ ఫిల్టర్‌ను టైరుకేసి బాదడం మాన్పించు. అంచు సొట్టపడితే ఆ సందులోంచి దుమ్ము లోపలికెళ్తుంది. మన ఎర్రదుమ్ములో ఇసుక ఉంది, గుప్పెడు చాలు ఇంజన్ లోపలి రింగులూ లైనరూ అరిగిపోవడానికి. నీలంపొగ మొదలైందంటే ఆయిల్ మండుతున్నట్టే, అప్పుడిక ఖర్చు పెద్దది. ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు గొట్టాన్ని వంచి చూడు, పగుళ్లు వంచితేనే కనిపిస్తాయి.

రేడియేటర్‌లో బోరునీళ్లు పోయొద్దు. మన వైపు బోరునీళ్లకు కుక్కర్ అడుగున తెల్లపొర కడుతుంది కదా, రేడియేటర్ గొట్టాల్లోనూ అంతే. రేడియేటర్ కోసమే అమ్మే కూలెంట్ ద్రవమే పోయించు. బయట ఇరుక్కున్న పొట్టును ఇంజన్ వైపు నుంచి బయటికి ఊదించు. బాగా వేడెక్కితే ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించొద్దు, చల్లారేదాకా ఆగండి.

డీజిల్ క్యాన్లో తెస్తే వడగట్టి పొయ్యండి, ఫిల్టర్ కింద నీళ్లు తీసేస్తూ ఉండండి. వెనక పనిముట్టును ఎత్తే లిఫ్ట్ ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు, వెంటనే ఫోన్ చెయ్యి.

ఫోర్ వీల్ డ్రైవ్ పొలంలోనే. తారురోడ్డెక్కగానే తీసెయ్యాలి. ముందు చక్రాలు వెనకవాటికంటే కాస్త ముందుకు లాగేలా లెక్క కట్టి ఉంటాయి. మట్టిలో జారి సర్దుకుంటాయి, తారుమీద జారలేవు, ఆ ఒత్తిడంతా ముందు గేర్లు మోస్తాయి. ముందు టైర్లు మార్చాల్సి వస్తే రెండూ కలిపి, అదే సైజువి మార్చు.

స్పేర్లకు బెంగళూరులో జేసీ రోడ్డు, బేరింగులకు ఎస్‌జేపీ రోడ్డు. పాత బేరింగు తీసుకెళ్లి దానిమీది నంబరు చూపించు. 6205 అని ఉంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. సీళ్లమీదా కొలతలు ఉంటాయి. "ఇదే సరిపోతుంది మేడం" అని చేతిలో పెట్టింది తెచ్చుకోవద్దు.

ఒక్క మాట మాత్రం ఒట్టు వేయించుకున్నట్టు విను. రోటవేటర్ తిరుగుతుండగా దగ్గరికి వెళ్లొద్దు. చున్నీ కార్డన్ షాఫ్టుకు చుట్టుకుంటే క్షణం పట్టదు. ఇంజన్ ఆపి, తాళం నీ చేతిలోకి వచ్చాకే వంగి చూడు. షాఫ్టు మీది ప్లాస్టిక్ గొట్టం పగిలిందన్నావు, ఈ వారమే కొత్తది వేయించు. ఆ తూర్పు వైపు వాలు దగ్గర అడ్డంగా దున్నొద్దని డ్రైవరుకు చెప్పు. ఈ బండ్లు సన్నగా ఉంటాయి, కింది చక్రం గుంటలో పడి పై చక్రం రాయెక్కితే తిరగబడుతుంది. నీ తర్వాతే ట్రాక్టరు.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా పొలానికి వస్తాను. నేనొస్తున్నానని బండి కడిగించి పెట్టొద్దు. దుమ్ముతోనే ఉండనీ. ఎక్కడ ఆయిల్ చెమ్మగా అంటుకుందో ఆ దుమ్ములోనే తెలుస్తుంది.

మీ పెదనాన్న