అమ్మ దగ్గర స్మార్ట్‌ఫోన్ తీసేసుకోవాలా? మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను

మీ అమ్మగారు రాజాంలో ఒక్కరే ఉంటారు, ఫోన్‌లో ఏదొచ్చినా నొక్కేస్తున్నారు, ఎన్నిసార్లు చెప్పినా వినట్లేదు, స్మార్ట్‌ఫోన్ తీసేసి కీప్యాడ్ ఫోన్ ఇచ్చేద్దామా అని అడిగారు. కీప్యాడ్ సంగతి చివర్లో చెప్తాను. 'ఎన్నిసార్లు చెప్పినా' అన్నారు చూడండి, నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. నేనూ మా అమ్మకి అలాగే చెప్పేవాణ్ణి. నిజానికి అది చెప్పడం కాదు, అరవడం.

మాది ఉద్దానం, పలాస దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే అక్కడ, నేను హైదరాబాద్‌లో. కిందటేడు పెళ్లిళ్ల సీజన్‌లో మా దూరపు చుట్టం నంబర్ నుంచి అమ్మ వాట్సాప్‌కి 'మా అమ్మాయి పెళ్లి, తప్పకుండా రావాలి' అని ఒక ఫైల్ వచ్చింది. శుభలేఖ అనుకుని తెరిచింది. పేరు చివర ఏపీకే అని ఉంది, అంటే అది ఫొటో కాదు, యాప్. ఆవిడకేం తెలుసు? ఏదో అడిగితే అలవ్ నొక్కింది, మళ్లీ అడిగితే మళ్లీ అలవ్. శుభలేఖ మాత్రం కనిపించలేదు. సిగ్నల్ లేదు కాబోలనుకుని ఫోన్ పక్కన పడేసి, ఎండబెట్టిన జీడిపిక్కలు ఎత్తడానికి వెళ్లిపోయింది. ఆ రాత్రే మూడు విడతల్లో 18,500 పోయాయి.

ఆ యాప్ ఫోన్‌కొచ్చే మెసేజ్‌లు చదివి ఓటీపీలు అవతలివాళ్లకి చేరవేస్తుంది. అందుకే 'ఓటీపీ ఎవరికీ చెప్పకు' అని నేను నూరిపోసిన పాఠం ఎందుకూ కొరగాలేదు. అమ్మ నిజంగానే ఎవరికీ చెప్పలేదు. పాపం, ఆ చుట్టం పంపిందీ కాదు. ఆయన ఫోన్ అంతకుముందే ఇలాగే వాళ్ల చేతిలో పడింది.

నాకు విషయం తెలిసింది మూడో రోజున. అదీ అమ్మ చెప్పలేదు, పక్కింటి పిన్ని చెప్పింది. ఎందుకు దాచావంటే, 'నువ్వు తిడతావని భయమేసిందిరా' అంది. అంతకుముందు ఒకసారి తప్పు నంబర్‌కి రీఛార్జ్ చేస్తే పావుగంట క్లాసు పీకాను మరి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేశాం. ఫిర్యాదు రాసుకుని, డబ్బు వెళ్లిన ఖాతాలను ఆపమని బ్యాంకులకి పంపుతారు. ఖాతాలో అప్పటికి ఎంత మిగిలుంటే అంతే ఆగుతుంది. మూడో రోజుకి ఏం మిగులుతుంది? 2,300 ఆగాయి. మిగతావి నా నోటి దురుసు వల్ల పోయాయనే నా లెక్క.

ఆ వారమే ఫలక్‌నుమా రైలెక్కి ఇంటికెళ్లాను. ముందు ఒట్టు వేశాను: ఏం నొక్కినా, ఎంత పోయినా, తిట్టను. తర్వాత ఒక కాగితం మీద అమ్మ చేతే రాయించాను. 'నెట్ ఆపు. పిన్ని ఫోన్ నుంచి 1930కి చెయ్యి. బ్యాంకుకి చెప్పు. అబ్బాయికి చెప్పు.' నేను రాసి అంటిస్తే గోడ మీద అలంకారం. తన అక్షరాలైతే తనకి గుర్తుంటాయి. అరసవల్లి స్వామి క్యాలెండర్ పక్కన అంటించాం.

చేసిన పనులన్నిటిలోకీ ఎక్కువ పనికొచ్చింది ఖాతాలు విడదీయడం. పంట డబ్బున్న ఖాతాకి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఏమీ లేకుండా చేయించాం. ఇంకో చిన్న ఖాతా తెరిచి ఫోన్‌కి దాన్నే కలిపాం, అందులో మూడు వేలకి మించి ఉంచం. బ్యాంకులో ఒక పూటంతా పోయింది, విసుగొచ్చింది. కానీ మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు చేస్తాడు, అప్పుడు పోయేది మూడు వేలే. సెట్టింగుల్లో అయితే వాట్సాప్ నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ కాకుండా ఆపాను, వాట్సాప్‌ని వేరేవాళ్లు తమ ఫోన్‌లో తెరవకుండా టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాను, తెలియనివాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా చేశాను. పది నిమిషాల పని, మీరు వెళ్లినప్పుడు చేసేయండి.

డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదన్న సంగతి మాటలతో చెప్పలేదు. పక్కన కూర్చుని నా ఫోన్ నుంచి అమ్మకి పది రూపాయలు పంపాను. 'నీ ఫోన్ పిన్ అడిగిందా?' లేదు. తనచేత నాకు పది పంపించాను. అడిగింది. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాక తనే అంది: 'ఓస్, హుండీ లాగన్నమాట. ఏయడానికి తాళమెందుకు, తియ్యడానికే గానీ.' అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ మర్నాడు డ్వాక్రా మీటింగ్‌లో అందరికీ ఆవిడే పాఠం చెప్పిందట.

'కేవైసీ చెయ్యకపోతే పింఛను ఆగిపోతుంది' అనే ఫోన్లకి ఒకటే మాట చెప్పుకున్నాం. ఎన్టీఆర్ భరోసా పింఛను డబ్బు ఒకటో తారీకున గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చి చేతికిస్తారు. ఏదైనా తేడా ఉంటే వాళ్లనే అడగాలి. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్ట్' అనేవాళ్ల గురించైతే, చట్టంలో అలాంటిది లేదని 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధానే చెప్పారు. అమ్మకి ఆ మాట బాగా పట్టింది, నేను చెప్పినదానికంటే. ఇక 'మీ అబ్బాయి ఆపదలో ఉన్నాడు' అని నా గొంతుతోనే ఫోనొచ్చినా సరే, మా పాత ఆవు పేరు అడగమన్నాను. ఆ పేరు ఇక్కడ రాయను లెండి.

కీప్యాడ్ ఫోన్ మాత్రం ఇవ్వకండి. మాయమాటల ఫోన్ దానికీ వస్తుంది, ఓటీపీ దానికీ వస్తుంది. డబ్బు పోయాక మా అమ్మ కూడా స్మార్ట్‌ఫోన్ నా చేతిలో పెట్టి 'అట్టుకుపో బాబూ, నాకొద్దు' అంది. నేనేం మాట్లాడకుండా జేబులో వేసుకున్నాను. రాత్రి ఎనిమిదైంది, హైదరాబాద్ నుంచి మా పాప వీడియో కాల్ చేసే టైమ్. కళ్లజోడు పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుని, 'ఏట్రా, ఫోనేదీ?' అంది.