క్వాలిటీలో చేరిన మా అమ్మాయికి

అమ్మాయీ, పెదనాన్న ఆశీస్సులు.

కార్ల ఫ్యాక్టరీలో, అదీ క్వాలిటీ విభాగంలో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న చెప్పగానే చాలా సంతోషమేసింది. "మంచి పేరున్న కంపెనీ పెదనాన్నా" అన్నావు. ఆ పేరు నువ్వు చేరకముందు వేరేవాళ్ళు సంపాదించింది. ఇకమీద నువ్వు సరేనని పంపే బండ్లే దాన్ని నిలబెట్టాలి.

చివరి తనిఖీ మీదే భారం వేయకు. బండి తయారయ్యాక సగం లోపాలు కంటికి కనపడవు. నా సర్వీసంతా సైకిల్ ఫ్రేములతోనే గడిచింది కదా, అందులోంచే చెబుతాను. హ్యాండిల్ కింద నిలువుగా ఉండే హెడ్ ట్యూబ్, అక్కణ్ణుంచి పెడళ్ళ వైపు దిగే డౌన్ ట్యూబ్ కలిసే చోట వెల్డింగ్ అంచును గోటితో తడిమి చూసేవాళ్ళం. గోరు తట్టుకునేంత గాడి ఉందంటే పగులు అక్కడే మొదలవుతుంది. పెయింట్ పడితే ఆ గాడి మూసుకుపోతుంది, నెలల తర్వాత ఏ గతుకులోనో ఫ్రేము విరుగుతుంది. అందుకే పెయింట్‌కి వెళ్ళకముందే పట్టుకోవాలి. మీ దగ్గర బోల్టులదీ అదే కథ. బిగించామని గుర్తుగా మార్కర్‌తో గీత పెడతారు. గీత ఉంది కదా అని వదిలేయకుండా, మధ్యమధ్యలో బిగువు కొలిచే టార్క్ రెంచ్ పెట్టి చూడు, ముఖ్యంగా షిఫ్ట్ చివర్లో.

అనుమానం వస్తే లైన్ ఆపించడానికి మొహమాటపడకు. టయోటాలో ఆ హక్కు లైన్ మీద పనిచేసే ప్రతి మనిషికీ ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఫ్రీమాంట్ ఫ్యాక్టరీని 1984లో టయోటాతో కలిసి మళ్ళీ తెరిచింది. మనుషులు చాలామంది పాతవాళ్ళే, మారింది టయోటా తెచ్చిన పని పద్ధతి. అయినా కొద్ది కాలంలోనే అక్కడి కార్ల నాణ్యత జపాన్ ఫ్యాక్టరీల దరిదాపుల్లోకి వచ్చింది. పనివాళ్ళని తిట్టే ముందు పద్ధతిని చూడమనేది అందుకే.

బయటి నుంచి వచ్చే భాగాల విషయంలో ఇంకా జాగ్రత్త. కార్ల కంపెనీలకి ఎయిర్‌బ్యాగులు అమ్మే జపాన్ కంపెనీ తకాటా ఉంది కదా, దాని బ్యాగుల్ని ఉబ్బించే గ్యాసు కోసం వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికి, తేమకు దెబ్బతిని, ఆ గ్యాసు పుట్టించే ఇన్‌ఫ్లేటర్ డబ్బా పగిలి లోహపు ముక్కలు మనుషుల మీదికి దూసుకొచ్చాయి. ప్రాణాలు పోయాయి. 2017లో తకాటా దివాలా తీసింది. కానీ కారు కొన్నవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? వాళ్ళు నిలదీసింది కారు మీద బ్యాడ్జీ ఉన్న కంపెనీనే. సప్లయర్ సర్టిఫికెట్ పంపాడని ఊరుకోకు. ఒకేసారి వచ్చే సరుకు, అంటే ప్రతి లాట్‌లోనూ కొన్ని తీసి మీరే పరీక్షించండి.

లోపం బయటపడితే దాచమని ఎవరు చెప్పినా వినకు. లోపమున్న బండ్లని వెనక్కి పిలిచి బాగుచేయడానికి రీకాల్ వేసిన కంపెనీని జనం కొన్నాళ్ళు తిట్టుకుంటారు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ పొగ పరీక్షల్లో మోసం చేసిందని తేలినప్పుడు మాత్రం దాని మాటనే నమ్మడం మానేశారు.

చేరిన మొదటి వారంలోనే వారంటీ క్లెయిముల రిపోర్టు ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కుని, అడిగి తీసుకుని చదువు. ఏ భాగం మళ్ళీ మళ్ళీ వెనక్కొస్తోందో నాకు ఉత్తరం రాయి.

మీ పెదనాన్న