మిత్రుడు వదిలి వెళ్ళిన సీసాలు: ఒక చిన్నవాడికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

మీ వైన్ బృందానికి పెద్దదిక్కుగా ఉన్న మిత్రుడు పోయారనీ, ఆయన జ్ఞాపకార్థం ఏం చేయాలో, ఎంతవరకు చేయాలో తోచడం లేదనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. నేను కూడా అలాంటి బృందాల్లోనే ముసలివాణ్ణయ్యాను. నాతో కలిసి గ్లాసు పట్టినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. అందుచేత నాకు తెలిసినది దాచుకోకుండా చెబుతాను.

బంధువు పోయినప్పుడు దుఃఖించడానికి లోకం మనిషికి కొంత చోటు ఇస్తుంది. పరామర్శించడానికి వస్తారు, పనికి రాకపోయినా తప్పు పట్టరు. ఒకే బల్ల చుట్టూ కూర్చుని వైన్ రుచి చూసిన స్నేహితులకు ఆ చోటు దొరకదు. ఎవరైనా తేలికగా మాట్లాడితే వారికి జవాబు చెప్పే పని పెట్టుకోకు. ఒక మనిషికి ఏ వాసన తగిలిందో, ఏ రుచి నచ్చిందో, ఎందుకు నచ్చిందో ఏళ్ళ తరబడి వింటూ వచ్చినవాడికి, ఆ మనిషి గురించి ఇంట్లోవాళ్ళకు కూడా తెలియని సంగతులు తెలుస్తాయి. వాటిని కుటుంబానికి అందించడమే నువ్వు చేయవలసిన మొదటి పని. చేత్తో ఉత్తరం రాయి. ఆయన మంచితనాన్ని పొగుడుతూ అందరూ రాస్తారు. నువ్వు మాత్రం జరిగిన సంఘటన ఒక్కటి రాయి: కొత్తగా చేరినవాడు సిగ్గుపడుతూ తనకు చెర్రీ వాసన వస్తోందని గొణిగితే, ఆయన తన మాట ఆపేసి, ఆ కుర్రవాడి చేత అదే మాటను అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పించిన రోజు లాంటిది. కుటుంబం దాచుకునేది అలాంటి ఉత్తరాన్నే.

ఇంకొక సంగతికి సిద్ధంగా ఉండు. చూసినదీ విన్నదీ మెదడులో థాలమస్ అనే మధ్య కేంద్రం మీదుగా వెళుతుంది కానీ, వాసన అలా చుట్టూ తిరగకుండానే జ్ఞాపకాలకూ భావోద్వేగాలకూ సంబంధించిన భాగాలను చేరుకుంటుంది. అందువల్ల నెలల తరువాత, దుఃఖం సర్దుకుందని నువ్వు అనుకుంటున్న రోజున, పాత రీస్లింగ్ అనే తెల్ల వైన్‌లో వచ్చే ఆ పెట్రోలు వాసన తగలగానే ఆయన పక్కన కూర్చున్నట్టే అనిపించి కళ్ళు నిండవచ్చు. గ్లాసు కింద పెట్టి కాసేపు బయటకు వెళ్ళు. బృందంలో ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇక ఆయన సెల్లార్, అంటే వైన్ సీసాలు దాచుకున్న గది, సంగతి. సీసాలను ఏం చేయాలో కుటుంబానికి తెలియక నిన్ను అడుగుతారు. అడిగే దాకా నువ్వుగా ఆ ప్రస్తావన తేకు. అడిగాక, ఏ సీసానూ నువ్వు కొనబోవడం లేదని మొదటే స్పష్టంగా చెప్పు. బృందంలో మరెవరూ కొనకుండా చూడు. కొన్ని సీసాలు మంచి ధర పలికేవై ఉండవచ్చు కనుక, వాటి విలువను మీ బృందంతో సంబంధం లేనివారి చేత కట్టించమని సలహా ఇవ్వు. ఈ విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను, ఎందుకంటే మంచి స్నేహాలు అనుమానాల పాలవడం ఇక్కడే చూశాను. నీ సాయం జాబితా రాయడం వరకే: ఉత్పత్తిదారు, ప్రాంతం, పంట ఏడు, సీసా పరిమాణం, మెడలో వైన్ మట్టం ఎంత ఉందో, బిరడా చుట్టూ కారిన మరకలున్నాయో లేదో. ఇల్లు ఖాళీ చేసే తొందరలో సీసాలు ఏ వేడి గదిలోకో చేరకుండా చూడమని కూడా చెప్పు. 12, 13 డిగ్రీల చీకటి గదిలో ఏళ్ళ పాటు పడుకోబెట్టి ఉంచినవి కొద్ది వారాల వేడికే పాడైపోతాయి.

ఆయన సీసాలు కొన్ని మీ బృందానికి వస్తే వాటిని తాగాలి. తెరవకుండా పూజలో పెట్టినట్టు దాచుకోవడం నాకు సమ్మతం కాదు. లోకంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం కొద్ది ఏళ్ళలో తాగడానికి చేసినదే; తేలికపాటి తెల్లవీ, రోజేలనే గులాబీరంగువీ ముందు తెరవండి. మంచి బరోలో, బోర్డో ఎర్ర వైన్లు, వింటేజ్ పోర్ట్ అనే ఘాటైన తీపి వైన్ వంటివి దశాబ్దాలు ఆగగలవు, మదేరా అనే ఘాటైన వైన్ అయితే ఒక తరాన్ని దాటి కూడా నిలుస్తుంది. మీ మనసు సిద్ధమయ్యే దాకా ఆగడం కంటే సీసా సిద్ధమైనప్పుడు తెరవడమే ఆయన అభిరుచికి మీరిచ్చే గౌరవం.

సంస్మరణ సమావేశం మొదటి వారాల్లో పెట్టవద్దు. తేదీ కుటుంబాన్ని అడిగి నిర్ణయించు. ఆయన జబ్బుకు మద్యంతో ఏ కాస్త సంబంధం ఉన్నా, ఆ సమావేశంలో వైన్ అసలే వద్దు. ఆయన గురించి మాట్లాడుకోవడమే చాలు. అలాంటిదేమీ లేకుండా, కుటుంబానికి కూడా అభ్యంతరం లేకపోతే, మూడు నాలుగు సీసాలకు మించవద్దు. 750 మిల్లీలీటర్ల సీసాను పన్నెండు మంది పంచుకుంటే ఒక్కొక్కరికి అరవై మిల్లీలీటర్లకు పైగా వస్తుంది, రుచికి అది సరిపోతుంది. పాత ఎర్ర వైన్‌ను ఒకటి రెండు రోజుల ముందే నిలబెట్టి, మడ్డి అడుగుకు దిగాక, మెడ కింద దీపం పెట్టుకుని వేరే పాత్రలోకి నెమ్మదిగా వంచి, మడ్డి మెడకు రాగానే ఆపాలి. మరీ పాతదైతే గంటల ముందు డికాంటర్ అనే గాజు కూజా‌లో పోయకండి, గాలి తగిలి త్వరగా వాడిపోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ దోషం, దానికి కారణం ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం. ఆయన సీసా కదా అని దాన్ని మెచ్చుకోకండి. దోషం ఉందని చెప్పి పక్కన పెట్టి, అదనంగా ఉంచుకున్న సీసా తెరవండి. ఆయన వైన్ల రుచి గురించి రాసుకున్న నోటు పుస్తకంలోంచి నాలుగు పుటలు ఎవరైనా పైకి చదివితే బాగుంటుంది, ఆయన అంచనాలు తప్పినవి కూడా వదలకుండా. పోయినవారి సమాధుల మీద వైన్ ధారపోయడం ప్రాచీన గ్రీకుల ఆచారం. ఆయన పేరున ఒక గ్లాసు పోయాలని మీకు అనిపిస్తే పోయండి, కానీ ప్రతి సమావేశంలోనూ తప్పనిసరి చేస్తే కొత్తగా వచ్చేవారికి ఆ బల్ల దగ్గర ఊపిరాడదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసినది ఒకటుంది. మీ దుఃఖానికి పక్కనే సీసా ఉంది. మద్యం కాసేపు మత్తు కలిగించినా తెల్లవారుజాము నిద్రను చెడగొడుతుంది, దిగులును పెంచుతుంది. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. కొన్ని నెలల పాటు ఒంటరిగా తాగవద్దు, నిద్ర కోసం అసలే వద్దు. సమావేశాల్లో ఎవరైనా రుచి చూసిన వైన్‌ను ఉమ్మివేయడం మానేసి గ్లాసు మీద గ్లాసు ఖాళీ చేస్తుంటే, నలుగురిలో కాకుండా విడిగా తీసుకెళ్ళి మాట్లాడు. ఆరు నెలలు దాటినా మనిషి తన రోజువారీ పనులు చేసుకోలేకపోతుంటే, అతణ్ణి వైద్యుడి దగ్గరకు నువ్వే వెంటబెట్టుకుని వెళ్ళు.

మీ మామూలు సమావేశాన్ని వాయిదా వేయవద్దు. తేదీలు గుర్తు చేయడం, గ్లాసులు సర్దడం, చందా లెక్క చూడడం ఇంతకాలం ఆయన ఒక్కరే చేసేవారని రాశావు. వాటిని ముగ్గురికి పంచు, ఒక్కరి మీద వేస్తే వారు ఆయనతో పోలికకు నలిగిపోతారు. నోటు పుస్తకాన్ని కుటుంబం అనుమతితో నకలు తీయించుకుని, అసలుది వారికే తిరిగి ఇచ్చేయి.

జాబితా మొదలుపెట్టాక నాకు తెలియజేయి. ఎప్పుడు తెరవాలో తేల్చుకోలేని సీసాలుంటే లేబుల్ వివరాలు రాసి పంపు, నాకు తోచినది వెంటనే రాస్తాను.